మావయ్య ఆకురాయి పట్టిన ఏడాది

అక్టోబరు ఆఖరి శనివారం, మధ్యాహ్నం. మోరిస్‌విల్‌లో మా ఇంటి గరాజ్. ఉన్నవాళ్లు: నేను, సామ్యూల్ మావయ్య కూతురు సువార్త, ఆమె కొడుకు జోయెల్. నా భార్య ఎస్తేరు లోపల వంటలో ఉంది.

మావయ్య ఈ వేసవిలో పోయాడు. చివరి రోజుల్లో ఆయన అల్ఫారెట్టాలో సువార్త దగ్గరే ఉన్నాడు. ఆయన సామాన్లు సర్దుతుంటే ఒక పాత బిస్కెట్ల డబ్బా దొరికిందట, నాకు చూపించడానికి తెచ్చారు. మూత తీస్తే నూనె గుడ్డలో చుట్టిన బాణం ములుకులు. ఇక్కడి వేటగాళ్లు వీటిని బ్రాడ్‌హెడ్‌లంటారు. రెండు రెక్కలతో, సన్నని త్రికోణంలా ఉంటాయి. మావయ్య మాత్రం ఎప్పుడూ ములికి అనే అన్నాడు. ముప్పై దాటిన జోయెల్ ఈమధ్యే విల్లు కొన్నాడు. ఒక ములికిని వెలుతురుకి పట్టి చూసి, "పెదనాన్నా, తాత దీన్ని సింగిల్ బెవెల్ చేశాడు, చేత్తో! ఇది షోల్డర్ బోన్‌లోంచి వెళ్తుందా?" అని అడిగాడు.

"వెళ్తుంది."

"ష్యూరా?"

"కొలిచాను."

"బావ కొలవనిది ఏముందిరా!" అని సువార్త నవ్వింది. చీకటి పడకముందే బయల్దేరాలని వాళ్ల తొందర, భోజనాలతోనే సరిపోయింది. జోయెల్‌కి నేను చెప్పిన జవాబు నిజమే, కాని సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాకి వచ్చిన కొత్తలో, సువార్త పెళ్లయి వెళ్లిపోయాక, నేను మావయ్య ఇంట్లో ఉన్నాను. రాలీకి గంట దూరంలో చిన్న ఊరు. మావయ్య మా అమ్మకి తమ్ముడు. అక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. నాకు పక్క ఊళ్లో పనిముట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇనుము కోసే పనిముట్లకి సానపట్టే విభాగంలో వేశారు. సాయంత్రం ఇంటికొస్తే నా బట్టలకి మిషన్ నూనె వాసన, మావయ్య బట్టలకి ఆసుపత్రి మందుల వాసన. రెండూ వంటింటి గుమ్మం దాటి రాకూడదని కరుణమ్మ అత్తయ్య ఆజ్ఞ. గరాజ్‌లోనే చొక్కాలు విప్పి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేవాళ్లం. లోపల కిటికీ దగ్గర అత్తయ్య కుండీలో పెంచుకునే కరివేపాకు మొక్క, స్టవ్ మీద చింతపండు పులుసు, స్టీలు గ్లాసులో నురగ తేలిన కాఫీ. ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. మావయ్య ఒక అధ్యాయం చదివేవాడు, అత్తయ్య ప్రార్థించేది. గుంటూరు నుంచి తెనాలి దాకా ఉన్న బంధువుల మోకాళ్ల నొప్పులన్నీ పేరుపేరునా దేవుడికి విన్నవించేసరికి అన్నం చల్లారిపోయేది. మావయ్యది పుట్టుకతో ఎడంచేతి వాటం. మా అమ్మమ్మ చిన్నప్పుడే కొట్టి కొట్టి తినడం, రాయడం కుడిచేతికి మార్పించింది. మిగతా పనులన్నిటికీ, అంటే మేకు కొట్టడానికీ, కూర తరగడానికీ, విల్లు లాగడానికీ ఎడంచెయ్యే ముందుకొచ్చేది.

విల్లు ఆయనకి ఆసుపత్రిలో తోటి ఉద్యోగి అలవాటు చేశాడు. వాల్టర్ అనే ముసలి రైతు తన సోయా చేను పక్క అడవిలో వేటాడుకోనిచ్చాడు. మన దేశంలో జింక జోలికి వెళ్తే జైలే. ఇక్కడ లైసెన్స్ కొనుక్కుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి మా సంఘం వాళ్లకి ఎన్నేళ్లయినా వింతగానే ఉండేది. అప్పట్లో మా తెలుగు సంఘం అంటే పది పన్నెండు కుటుంబాలు. ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ ఆరాధన అయ్యాక హాలు మాకిచ్చేవాళ్లు. ప్రతి క్రిస్మస్‌కీ మావయ్య కొట్టిన జింక మాంసాన్ని అత్తయ్య కొబ్బరి, మిరియాలు వేసి వేయించి తీసుకెళ్లేది. తలుపు దగ్గరే ట్రేలు ఖాళీ అయ్యేవి. సెప్టెంబరు రాగానే, "అన్నా, ఈసారి ఎప్పుడు?" అని అడగడం మొదలుపెట్టేవాళ్లు.

నేను వచ్చిన మొదటి శీతాకాలం మావయ్య ఒక ఆడ జింకని కొట్టాడు, అది పడలేదు. బాణంతోనే పరుగెత్తింది. చీకటి పడేదాకా వెతికాడు, మర్నాడు సెలవు పెట్టి వెతికాడు. మూడో రోజు వాల్టర్‌కి వాగు పక్కన కనిపించింది. ఇంకా ప్రాణంతోనే ఉందట. ఆయన తుపాకీతో దాని బాధ తీర్చి, బాణం తీసుకొచ్చి మా కారు బానెట్ మీద పెట్టాడు. ములికి మొన కొక్కెంలా వంగిపోయి ఉంది. భుజం ఎముకకి తగిలి ఆగిపోయింది. "సామ్, నిన్ను రానివ్వాలో వద్దో ఇంకొక్క సీజన్ చూద్దాం" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. మావయ్య సంఘంలో పెద్ద. రొట్టె ట్రే వరసవరసకీ అందించేది ఆయనే. ఆ ఆదివారం ఆయన ఆఖరి వరసలో కూర్చున్నాడు. ట్రే దగ్గరకొస్తే ముట్టుకోకుండా పక్కవాళ్లకి ఇచ్చేశాడు. పై నెలా అంతే. చిన్న సంఘంలో ఒక పెద్దమనిషి బల్ల తీసుకోవడం మానేస్తే అది అందరికీ కనబడుతుంది. ఏదో పెద్ద పాపమే చేశాడనుకుంటారు. పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చారు.

"సామ్యూల్ గారూ, దేవుడు క్షమించేశాడండీ. అది జంతువు."

"క్షమించాడని నాకూ తెలుసు అయ్యగారూ. మూడు రోజులు ఆ వాగు దగ్గర పడుంది. నేనేమో ఇక్కడ వేడి వేడి పులుసన్నం తిన్నాను. అదే చెయ్యి చాపి రొట్టె తీసుకోమంటారా?"

"మరి ఎప్పుడు తీసుకుంటారు?"

మావయ్య దానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. "ములికి మొన వంగబట్టి ఇలా అయింది. ఎముక అడ్డమొచ్చినా ఆగకుండా అవతలికి పోయే ములికి తయారుచేస్తాను. దాంతో ఒక్క జింకని, బాధ తెలిసేలోపే పడగొడతాను. ఆ మర్నాడు తీసుకుంటాను."

అయ్యగారు కాఫీ తాగి, ప్రార్థన చేసి వెళ్లిపోయారు. తలుపు వేసొచ్చి అత్తయ్య మొదలుపెట్టింది.

"జింక కోసం మానేశారంటే ఎవరు నమ్ముతారండీ? ఆ కమలమ్మ నన్ను పక్కకి పిలిచి, 'వదినా, అన్నయ్యకి ఎక్కడైనా...' అని ఆపేసింది."

"ఎక్కడైనా ఏంటి?"

"మిగతాది మీరే పూరించుకోండి."

"నాకా? ఈ మొహానికా?"

"నేనూ అదే అన్నాను. కళ్లద్దాలు మార్పించుకో కమలమ్మా అన్నాను."

నవ్వింది గాని, ఆ తర్వాత చాలా ఆదివారాలు అత్తయ్య ఆరాధన అవగానే కాఫీకి ఆగకుండా కారు దగ్గరికి వెళ్లి నిలబడటం నేను చూశాను.

అలా ఆ ఏడాది మావయ్య ఆకురాయి పట్టాడు. ఆసుపత్రి నుంచి రాగానే గరాజ్‌లో స్టూలు మీద కూర్చునేవాడు. ములికిని బాణం కాడకి బిగించి, ఆ కాడని ఒళ్లో పెట్టుకుని, అరుస్తున్నట్టు చప్పుడు చేసే ఆ ఆకురాయితో గీసేవాడు. సానపట్టడం నా ఉద్యోగం కాబట్టి నేనూ పక్కన కూర్చున్నాను. చేసిన మార్పులు నాలుగు. షాపులో కొన్న ములికికి అంచులు కత్తిలాగా రెండు పక్కలా వాలి ఉంటాయి. ఒక పక్క వాలు తీసేసి, రెండో పక్కనే పొడుగ్గా వాలు మిగిల్చితే ఉలి అంచు వస్తుంది, జోయెల్ సింగిల్ బెవెల్ అన్నది దీన్నే. అది గట్టిగా ఉంటుంది. పైగా లోపలికి దిగుతూ మరలాగా తిరిగి ఎముకని చీలుస్తుంది. సూదిలాంటి మొన వంగుతుంది కాబట్టి దాన్ని కొద్దిగా మొద్దు చేసి ఉలి మొనలా దిద్దాం. కాడ దూరే గొట్టానికీ రెక్కలకీ మధ్య ఉన్న మెట్టుని నునుపు చేశాం, అక్కడే బాణం తట్టుకుని ఆగుతుంది. చివరగా కాడ లోపల ఇత్తడి ముక్క దూర్చి ముందు బరువు పెంచాం. ఇవన్నీ మాకు ఒక చోట చెప్పినవాళ్లు లేరు. వేట సరుకులమ్మే షాపులో ఒక ముసలాయన సగం చెప్పాడు, మిగతా సగం ఆకురాయి నేర్పింది.

ఇవాళ జోయెల్ ఫోన్‌లో చూపించాడు. ఉలి అంచు ములుకులు తయారుగా, కుడి వాలో ఎడమ వాలో పెట్టె మీద రాసి మరీ అమ్ముతున్నారు. ఎలా దిద్దాలో వీడియోలు, ఎంత లోతు దిగుతుందో పట్టికలు. రెండు రోజుల్లో ఇంటి గుమ్మంలో ఉంటాయి. మా సంఘం కూడా అంతే. ఇప్పుడు సొంత హాలుంది, తెర మీద పాటలు వస్తాయి. క్రిస్మస్‌కి రెస్టారెంట్ నుంచి బిర్యానీ ట్రేలు దింపుతారు. రొట్టె, రసం ఒక్కొక్కరికీ విడివిడిగా చిన్న కప్పుల్లో సీలు వేసి వస్తాయి. ఎవరు తెరిచారో, ఎవరు తెరవకుండా జేబులో వేసుకున్నారో పక్కవాళ్లకి కూడా తెలియదు. దీనివల్ల చాలామందికి సుఖంగానే ఉంది. ఇప్పుడైతే మావయ్య ఏడాది కాదు, పదేళ్లు మానేసినా ఎవరూ కనిపెట్టరు. అది మంచిదా కాదా అని నేను చాలాసార్లు ఆలోచించాను గాని తేల్చుకోలేకపోయాను.

వేసవిలో పరీక్ష పెట్టాం. అట్టపెట్టెలో పాత టెలిఫోన్ డైరెక్టరీలూ, సంఘం పాత బులెటిన్లూ తడిపి బిగించి, ముందు ఎముకకి బదులుగా ప్లైవుడ్ చెక్క కట్టాం. మామూలు ములికితో ఒక బాణం, దిద్దిన ములికితో ఒక బాణం. దిద్దిందే తక్కువ దిగింది. మళ్లీ వేశాడు, మళ్లీ అంతే. మావయ్య విల్లు గోడకి ఆనించి స్టూలు మీద కూలబడ్డాడు. "ఆర్నెల్లు గీసింది దీనికా?" అన్నాడు. ఆయన అంత నీరసంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

బాణం బయటికి లాగేముందు కొంచెం లోపలికి నొక్కితే నా చేతిలో అది ఎడమవైపు మెలి తిరిగింది. వెనక ఉన్న ఈకలేమో బాణాన్ని కుడివైపు తిప్పేలా అంటించి ఉన్నాయి. ఇంకో బాణం నొక్కి చూశాను. అదీ అంతే.

"మావయ్యా, గాల్లో ఈకలు దీన్ని కుడికి తిప్పుతున్నాయి. లోపలికి దిగాక ములికి ఎడమకి తిరగాలని చూస్తోంది. రెండూ కొట్టుకుని ఆగిపోతున్నాయి."

"మొగుడూ పెళ్లాల్లాగా" అంది అత్తయ్య, గుమ్మంలోంచి.

"ఎడమకెందుకు తిరుగుతుందిరా?"

"నువ్వు ఎడంచేత్తో గీశావు. ఎటు తిప్పి పట్టుకున్నా నీ చేతికి అందే అంచు ఎడం అంచే. అన్నిటికీ వాలు ఎడమనే వచ్చింది."

మావయ్య తన ఎడంచేతిని కాసేపు చూసుకున్నాడు. "ఈ చెయ్యి నిన్ను ముంచుతుందిరా అని మా అమ్మ ఎప్పుడూ అనేది" అన్నాడు. "ఇంత ఆలస్యంగా ముంచుతుందనుకోలేదు."

ములుకులన్నీ తిరగ్గీస్తే ఇక మిగిలేది చువ్వే. అందుకని ఈకలు మార్చాం. బాణాన్ని కుడికి తిప్పే, పక్షి కుడి రెక్క ఈకలు పీకేసి, ఎడమకి తిప్పే ఎడమ రెక్క ఈకలు పోస్టులో తెప్పించి అంటించాం. జిగురు వాసనకి అత్తయ్య రెండు రోజులు కిటికీలు తెరిచే వండింది. తర్వాతి శనివారం మళ్లీ అట్టపెట్టె పెట్టాం. బాణం చెక్కని రెండుగా చీల్చి, డైరెక్టరీలన్నీ దాటి, పెట్టె వెనకనుంచి బయటికొచ్చి, గోడవారగా నిలబెట్టిన బియ్యం బస్తాలో దిగబడింది. బియ్యం సన్నగా ధార కట్టి గరాజ్ నేల మీద పడుతుంటే ముగ్గురం కదలకుండా చూశాం.

"సోనా మసూరీ అండీ అది!" అని అత్తయ్య అరిచింది.

మావయ్య చేటలో బియ్యం ఎత్తుతూ పాట పాడాడు. ఆ జింక సంగతి జరిగాక ఇంట్లో ఆయన గొంతు విప్పి పాడటం అదే మొదటిసారి. ఆ రాత్రి డైరీలో కొలతలన్నీ రాసుకున్నాను, బియ్యం సంగతితో సహా.

నవంబరు వచ్చింది. మొదటి ఆదివారానికి ముందు శనివారం, తెల్లవారకముందే వాల్టర్ చేనుకి వెళ్లాం. చెట్టుకి ఆనించిన మంచె మీద ఇద్దరం పట్టేంత చోటుంది. ఆయన విల్లుతో, నేను ఊరికే. అత్తయ్య ముందు రోజే ఫ్రీజర్ ఖాళీ చేసి, కత్తులు నాచేత సానపట్టించింది. ఆమె అడగలేదు గాని, ఆ ఒక్క రోజు మీద ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. మంచు పట్టిన గడ్డి మీద ఎండ పడుతుండగా ఒక ఆడ జింక చేను దాటి వచ్చింది. మంచెకి బాగా దగ్గరలో ఆగింది. మావైపు ఏటవాలుగా తిరిగి నిలబడింది. ముందు భుజం గుండెకి అడ్డంగా ఉంది. మేము చెక్క కట్టి పరీక్షించింది సరిగ్గా ఇలాంటి దానికోసమే. మావయ్య విల్లు పూర్తిగా లాగాడు. అలా పట్టుకునే ఉన్నాడు. తర్వాత మెల్లగా, చప్పుడు కాకుండా, తాడు వెనక్కి వదిలి విల్లు దించేశాడు. జింక చెవులు ఆడించి, రెండడుగులు వేసి, అడవిలోకి వెళ్లిపోయింది.

నేను ఆగలేకపోయాను. "ఏమైంది మావయ్యా? ఎముకలోంచి పోతుందిగా! చూశాంగా!"

"పోతుంది."

"మరి?"

ఆయన బాణం తీసి పొదిలో పెట్టుకుని, ములికి మీద తొడుగు బిగించాకే మాట్లాడాడు. "పోయినేడాదిది కూడా ఇలాగే నిలబడిందిరా. అచ్చం ఇలాగే. రోజూ ఎముకల ఫోటోలు తీసేవాణ్ణి, అడ్డంగా భుజం ఉందని నాకు కనబడలేదంటావా? కనబడింది. క్రిస్మస్ దగ్గర పడిందని, అందరూ అడుగుతున్నారని బాణం వదిలేశాను. మొన వంగిందని అందరికీ చూపిస్తూ తిరిగాను. మొన వంగిన మాట నిజమే." పొదిని తట్టి, "ఆ ములికి తప్పేం లేదురా దావీదూ" అన్నాడు.

ఇంకో గంట కూర్చున్నాం. ఇంకేమీ రాలేదు. దిగి, చేను గట్టు మీద నడుచుకుంటూ వాల్టర్ ఇంటికి వెళ్లి, ఏమీ కొట్టలేదని చెప్పాం. దగ్గరలోకి రాలేదా అని వాల్టర్ అడిగాడు. "వచ్చింది" అన్నాడు మావయ్య. వాల్టర్ ఆయన్ని ఒకసారి చూసి, వచ్చే ఏడాది కూడా రమ్మన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గరాజ్‌లో పెద్ద బేసిన్లూ, ప్లాస్టిక్ షీట్లూ పరిచి నిలబడి ఉంది. కారు వెనకవైపు చూసింది, తర్వాత మా మొహాలు చూసింది.

"ఏదండీ?"

"కొట్టలేదు."

"తప్పిపోయిందా?"

"లేదు. నేనే వదిలేశాను."

అత్తయ్య బేసిన్లు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. నేను షీట్లు మడతపెట్టాను. ఇంకో ఏడాది కారు దగ్గర నిలబడాలి కాబోలు అని ఆమె అనుకుంటోందని నాకు అనిపించింది. మావయ్య బూట్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండా, "రేపు నా తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యి కరుణా" అన్నాడు.

"బల్ల తీసుకుంటారా?"

"తీసుకుంటాను."

"జింక పడలేదుగా? పడితేనే అన్నారుగా?"

"అన్నాను. బల్ల అంటే బాగా కొడితే ఇచ్చే ప్రైజు కాదు కదా అని ఇవాళే తోచింది."

"ఇది పోయినేడాదే తోచుంటే నాకు ఎన్ని ఆదివారాల కాఫీ మిగిలేదండీ!" అంటూ అత్తయ్య బేసిన్లు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. లోపల కుళాయి చాలాసేపు పారిన చప్పుడు వినబడింది.

మర్నాడు ఉదయం బాగా చలి. హాలు హీటర్ పనిచెయ్యక అందరూ కోట్లతోనే కూర్చున్నారు. మావయ్య ముందు వరసకి వెళ్లలేదు, ఆఖరి వరసలోనే నాకూ అత్తయ్యకీ మధ్య కూర్చున్నాడు. అయ్యగారు రొట్టె విరిచి ట్రేలో పెట్టి ఇచ్చారు. అది ఒక్కొక్క వరసా దాటి మా వరసకి వచ్చింది. మావయ్య ఒక చిన్న ముక్క తీసుకుని, కళ్లు మూసుకుని, నోట్లో వేసుకుని, ట్రే అత్తయ్యకి అందించాడు. అత్తయ్య ఆయన వైపు తిరగలేదు. ముందు వరసలోంచి కమలమ్మ మాత్రం మెడ పూర్తిగా తిప్పి చూసింది.

ఆరాధన అయ్యాక ముగ్గురం కాఫీకి ఆగాం. కమలమ్మ కప్పు పట్టుకుని నేరుగా మావయ్య దగ్గరికే వచ్చింది.

"అయితే జింక పడిందా అన్నయ్యా?"

"లేదమ్మా. ఈ క్రిస్మస్‌కి చికెన్ చెప్పుకోండి" అన్నాడు మావయ్య.